బిడ్డను ఒడినుండి త్రోయవద్దు



ఈ సాయంకాలము స్వామి సన్నిధిలో మీ అందరి ఎదుట నిలిచి నాలుగు మాటలు చెప్పుకొను భాగ్యము కలిగినందులకు ధన్యుడను. నేను పండితుడను కాను. ముప్పది సంవత్సరములు బడిలో లెక్కలు చెప్పి, విశ్రాంతి తీసుకొనుచున్న ఉపాధ్యాయుడను. "పిల్లలతోను, ఇంటివారితోను మన మనసులోని మాటను మర్యాదగా చెప్పుట ఎట్లు?" అను విషయముపై మాటలాడుమని ఆలయ పెద్దలు కోరినప్పుడు కొంత సంకోచించితిని. ఏలయన ఈ విషయములో నేను గెలిచి నేర్చుకొన్నవాడను కాను, ఓడి నేర్చుకొన్నవాడను. ఆ ఓటమి ఎట్టిదో ఈ ప్రసంగము ముగియకముందే మీకు విన్నవించెదను.

విశాఖపట్నమున నివసించు మనకు ప్రహ్లాదుని కథ వేరొకరు చెప్పనక్కరలేదు. హిరణ్యకశిపుని ఆజ్ఞచే భటులు ఆ బాలుని కొండపైనుండి సముద్రములోనికి త్రోయగా, స్వామి వచ్చి కాపాడిన స్థలమే మన సింహాచలమని స్థలపురాణము చెప్పుచున్నది. ప్రతి సంవత్సరము ఆషాఢ పూర్ణిమకు ముప్పదిరెండు కిలోమీటర్లు నడచి గిరిప్రదక్షిణము చేయువారు మనలో ఎందరో ఉన్నారు. కొండచుట్టు తిరుగుచున్నాము గాని, ఆ కథలోని తండ్రిని గూర్చి ఎన్నడైన నిదానముగా ఆలోచించితిమా? ఆయన రాక్షసుడు, మనము మనుష్యులము, ఆయనతో మనకేమి పోలిక అని అనుకొందుము. భాగవతము సప్తమ స్కంధమును శ్రద్ధగా చూచినచో ఆ పోలిక మనలను భయపెట్టును.

హిరణ్యకశిపుడు కుమారుని ప్రేమింపనివాడు కాడు. చండామార్కులవద్ద చదువుకొనుచున్న బిడ్డను ఇంటికి పిలిపించుకొని, ఒడిలో కూర్చుండబెట్టుకొని, "నాయనా, నీకు ఏది మంచిదని తోచుచున్నది?" అని అడిగెను. ఎంత చక్కని ప్రశ్న! బిడ్డ తనకు తోచినది చెప్పెను. తండ్రి నవ్వి, ఎవరో వీని బుద్ధిని చెడగొట్టుచున్నారని తలచి, మరల గురువుల వద్దకు పంపెను. రెండవమారు పిలిపించినప్పుడు ఆ తండ్రి కన్నులలో నీరు నిండినది. బిడ్డ శిరస్సును మూర్కొని, ఇన్నాళ్ళు నేర్చినదానిలో ఉత్తమమైనది చెప్పుమని అడిగెను. ప్రహ్లాదుడు నవవిధభక్తిని చెప్పెను. అంతే! ఆ తండ్రి ముందు గురువుపై మండిపడెను, పిదప బిడ్డను ఒడినుండి నేలపైకి త్రోసివేసెను.

అయ్యలారా, ఈ ఘట్టమును మరల మనసునకు తెచ్చుకొనుడు. ఒడి ఉన్నది, ప్రేమ ఉన్నది, ప్రశ్న కూడ ఉన్నది. లేనిది ఒక్కటే. తాను కోరని సమాధానమును వినగల ఓర్పు లేదు. ఏనుగులు, పాములు, విషము, కొండశిఖరము, ఇవన్నియు తరువాత వచ్చినవి. మొదటి పతనము కొండమీదినుండి కాదు, తండ్రి ఒడిలోనుండి.

మన ఇండ్లలో కొండలు లేవు గాని ఒడులు ఉన్నవి. "పరీక్ష ఎట్లు వ్రాసితివి? నిజము చెప్పు, ఏమీ అనను" అని అడుగుదుము. బిడ్డ నిజము చెప్పును. మరుక్షణమే "నీవు ఎందుకూ పనికిరావు, నీవంటివాడు మా వంశములో పుట్టలేదు" అని అందుము. మరునాటినుండి ఆ బిడ్డ నిజము చెప్పుట మానివేయును. అప్పుడు "వీడు అబద్ధములు నేర్చుకొన్నాడు" అని బంధువులకు చెప్పుకొందుము. ఆ అబద్ధమునకు మొదటి గురువు ఎవరు? నిజమును భరింపలేకపోయిన మనమే కదా!

"అయితే పిల్లలను మందలింపవద్దా? తప్పుచేసినను ముద్దు చేయవలెనా?" అని మీరు అడుగవచ్చును. మందలింపవలసినదే. చూచియు చూడనట్లు ఊరకుండుట ప్రేమ కాదు, సోమరితనము. ప్రశ్న మందలించుటను గూర్చినది కాదు, దేనిని మందలించుచున్నాము అనునది. బిడ్డ చేసిన పనినా, బిడ్డనా? "ఈ లెక్క తప్పు" అనుట ఒకటి, "నీవు మొద్దువు" అనుట వేరొకటి. తప్పైన లెక్కను తుడిచి మరల చేయవచ్చును. మొద్దు అను పేరును బిడ్డ దేనితో తుడుచుకొనును? పదిమారులు విన్నచో అదే తన పేరనుకొనును.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున స్వామి వాక్కునకు సంబంధించిన తపస్సును నిర్వచించినాడు. ఎదుటివారి మనస్సును కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట తపస్సని ఆయన భావము. ఈ నాలుగును కలిసి ఉండవలెను. సత్యమును మాత్రమే పట్టుకొని "నేను ఉన్నది ఉన్నట్లు మాటలాడెదను" అని గర్వించువారు కొందరు. ప్రియమును మాత్రమే పట్టుకొని తప్పును కప్పిపుచ్చువారు మరికొందరు. ఇరువురును ఆ తపస్సులో కొంత భాగమును విడిచినవారే. అడవికి పోయి ఒంటికాలిపై నిలుచుట అందరికి సాధ్యము కాదు. కాని నైటు షిఫ్టు దిగి, నిద్రలేని కన్నులతో ఇంటికి వచ్చి, గుమ్మములో చెల్లాచెదరుగా పడియున్న పుస్తకములను చూచి, నోటికి వచ్చిన మాటను ఒక్క క్షణము ఆపుకొనుట మనకు సాధ్యమైన తపస్సు.

మన ఊరు ఉక్కు ఊరు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్టు ఫర్నేసులకు తల్లుల వంటి పేర్లు పెట్టుకొన్నాము. ఆ కొలిమిలోనుండి వచ్చు ద్రవలోహమును ఎవరైనను నేలపై పారబోసెదరా? లోపల వేడిని తట్టుకొను ఇటుకలు పేర్చిన టార్పెడో లాడిలు అను పెద్ద పాత్రలలో పట్టి, పట్టాలమీద నడిపించి, ఉక్కు తయారగు చోటికి చేర్చెదరు. ఆ వేడి వృథా కాదు, దానితోనే ఉక్కు పుట్టును. కోపము కూడ అట్టిదే. కోపము రాకూడదని నేను చెప్పను. వచ్చిన కోపమునకు ఒక పాత్ర కావలెనని మాత్రమే చెప్పుచున్నాను. పాత్ర లేని కోపము ముందుగా దగ్గర నిలిచినవారినే కాల్చును. మన దగ్గర నిలుచువారు ఎవరు? మన బిడ్డలే.

ఆ పాత్ర ఎట్టిది? అమెరికాలో థామస్ గోర్డన్ అను మనస్తత్వశాస్త్రవేత్త 1962లో తల్లిదండ్రులకు తరగతులు ప్రారంభించి, 1970లో ఒక గ్రంథమును ప్రకటించినాడు. ఆయన చెప్పినది సామాన్యులకు కూడ అర్థమగునంత తేలికైనది. "నీవు ఇట్టివాడవు" అని మొదలుపెట్టక, "నాకు ఇట్లున్నది" అని మొదలుపెట్టవలెను. నేను చూచిన పని ఏది, దానివలన నాకు కలిగిన బాధ ఏది, ఎందువలన కలిగినది, ఈ మూడును చెప్పవలెను. ఒక ఉదాహరణము చెప్పెదను.

కుమారుడు రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరినాడు. "ఇప్పుడా రావడం? బాధ్యత లేని వెధవా!" అనుట మనకు అలవాటు. దానికి బదులు తల్లి ఇట్లు చెప్పిన ఎట్లుండును? "బాబూ, ఏడింటికి వస్తానన్నావు, తొమ్మిదిన్నర అయింది. బీచిరోడ్డులో బండ్లెంత జోరుగా పోతాయో తెలుసుగా, నీకేమైందోనని నా ప్రాణం కొట్టుకుంది. ఆలస్యమైతే ఒక్క ఫోను చెయ్యి నాయనా." మొదటి మాటకు బిడ్డ తలుపు వేసికొనును. రెండవ మాటకు తల వంచును. మొదటి మాటలో తల్లి భయము కోపపు ముసుగు వేసికొన్నది. రెండవ మాటలో ఉన్నది ఉన్నట్లు బయటికి వచ్చినది. మన కోపములలో ఎన్నో నిజమునకు భయములే, దుఃఖములే. వాటి అసలు పేరుతో వాటిని చెప్పినచో ఎదుటివారికి అర్థమగును.

ఇక ఏ భాషలో చెప్పవలెను? సుందరకాండలో హనుమంతుడు శింశుపావృక్షముపై కూర్చుండి ఆలోచించిన తీరు చూడుడు. ఆయన మహావైయాకరణి. ఎట్టి సంస్కృతమైనను మాటలాడగలడు. కాని, తాను పండితునివలె సంస్కృతము మాటలాడినచో సీతమ్మ తనను రావణుడనుకొని భయపడునేమో అని సందేహించెను. అందువలన సామాన్యమానవులు మాటలాడు మాటలలో, మెల్లగా, ఆమెకు ప్రియమైన రామకథతో మొదలుపెట్టెను. తనకు వచ్చిన భాష ఏది అని ఆయన చూడలేదు. ఎదుట ఉన్న దుఃఖితురాలికి భయము కలుగని భాష ఏది అని చూచెను. మాటలో మర్యాద యనగా ఇదియే.

మన ఉత్తరాంధ్రలో పుట్టిన మహనీయుడొకడు ఈ ధర్మమును బడిలో ఆచరించి చూపినాడు. 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా, సవర జాతి బిడ్డలకు విద్య నేర్పదలచి, ముందుగా తాము సవర భాషను నేర్చుకొనిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసి, ఆ బిడ్డలకు బడులు పెట్టించిరి. "వారికి మన భాష రాదు, మొద్దులు" అని అనలేదు. "నాకు వారి భాష రాదు" అని అనుకొనిరి. ఆయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్న మనము, మన ఇంటిలోని పదేండ్ల బిడ్డ భాషను నేర్చుకొంటిమా? వాని ఆటలు, వాని స్నేహితులు, వాని భయములు మనకు తెలియునా?

నౌకాశ్రయమున పనిచేసిన పెద్దలు ఈ సభలో ఉండియుందురు. 1933నుండి మన రేవులోనికి ఓడలు వచ్చుచున్నవి. డాల్ఫిన్స్ నోస్ కొండప్రక్కన ఉన్న ఇరుకు కాలువలో పెద్ద ఓడను లోపలికి తెచ్చుట ఎట్లు? దారి తెలిసిన పైలట్ ఒడ్డున నిలిచి కేకలు వేయడు. చిన్న పడవపై సముద్రములోనికి పోయి, ఆ ఓడ ఎక్కి, కెప్టెను ప్రక్కన నిలిచి దారి చెప్పును. మనము ఒడ్డున నిలిచి కేకలు వేయుచున్నాము. బిడ్డ ఓడ ఎక్కుటలేదు.

ఇక నా ఓటమిని చెప్పెదను. మా అబ్బాయి తొమ్మిదవ తరగతి చదువుచున్న రోజులు. సాయంకాలము ట్యూషనుకు పంపుచుంటిని. పదకొండు దినములనుండి వాడు అక్కడికి పోవుటలేదని, సముద్రపుటొడ్డున కూర్చుండి వచ్చుచున్నాడని ఒకనాడు తెలిసినది. వీధిలో ఇరుగుపొరుగువారు చూచుచుండగా "దొంగా! అబద్ధాలకోరా!" అని చేయి చేసికొంటిని. వాడు ఒక్క మాట మాటలాడలేదు. ఆ మౌనమును పొగరనుకొంటిని. రెండు నెలల పిమ్మట బడిలో కంటిపరీక్షలు చేసినప్పుడు వానికి చూపు చాల తక్కువగా ఉన్నదని వైద్యులు చెప్పిరి. నల్లబల్లపై అక్షరములు కనబడవు. అందరిలో చెప్పుటకు సిగ్గుపడి, వెనుక బల్లలో కూర్చుండలేక, ఆ బిడ్డ సముద్రము వద్దకు పోయినాడు. ముప్పది సంవత్సరములలో వేలమంది పిల్లలను చూచిన ఉపాధ్యాయుడను, నా బిడ్డ కన్నులు చికిలించుట చూడలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితిని. వాడు నేలచూపులు చూచుచు, "మీరు అడగలేదు నాన్నగారూ. దొంగా అన్నారు" అని అన్నాడు.

సోదరులారా, హిరణ్యకశిపుడు కనీసము అడిగెను. నేను అడుగనైన అడుగలేదు. ఆనాటినుండి గిరిప్రదక్షిణము చేయునప్పుడెల్ల ఆ మాట నా చెవిలో మ్రోగుచుండును.

వాడికి కండ్లద్దములు పదిరోజులలో వచ్చినవి. నాకు నోరు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టినది. తండ్రి కుమారుని క్షమాపణ అడుగుటయా, పెద్దరికము ఏమగును అని నా అహంకారము అడ్డుపడినది. చివరకు ఒకనాటి రాత్రి వాని మంచము ప్రక్కన కూర్చుండి, "నాన్నా, ఆ రోజు నేను చేసింది తప్పు. వీధిలో అలా అనకూడదు, కొట్టకూడదు. అడిగి ఉండవలసింది" అని చెప్పితిని. వాడు ఏమియు అనలేదు. నా చేయి పట్టుకొని నిద్రపోయినాడు. నా పెద్దరికము ఎక్కడికిని పోలేదు. ఆనాడే మొదటిమారు వచ్చినదని ఇప్పుడు అనుకొనుచున్నాను.

ఇది కేవలము నీతి కాదు, నేడు చట్టము కూడ. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. దాని పదునేడవ విభాగము బడిలో బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బాలల హక్కులపై 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో మన దేశము 1992లో చేరినది. తనకు సంబంధించిన విషయములలో బిడ్డ తన అభిప్రాయమును చెప్పుకొనవచ్చునని, దానికి తగిన విలువ ఈయవలెనని ఆ ఒడంబడిక చెప్పుచున్నది. కాని చట్టము చేతిని ఆపగలదు. నాలుకను ఆపవలసినది మనమే.

పిల్లలతోనే కాదు, పెద్దలతోను ఇదే ధర్మము. కోడలు "అత్తయ్యగారూ, వచ్చినవాళ్ళ ముందు నా వంట గురించి అలా అంటే నాకు బాధగా ఉంది, ఏమైనా ఉంటే నాతో విడిగా చెప్పండి" అని అనవచ్చును. అది ఎదురుచెప్పుట కాదు. కుమారుడు వృద్ధుడైన తండ్రితో "మందు మానేస్తే ఎలా? మీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసరుటకు బదులు, "నాన్నగారూ, మీరు మందు వేసుకోకపోతే నాకు భయంగా ఉంటుంది" అని చెప్పవచ్చును. పనిలో పైవాడు క్రిందివాని తప్పును పదిమందిలో కాక ప్రక్కకు పిలిచి చెప్పవచ్చును. తప్పును ఏకాంతములో చెప్పుట, మంచిని పదిమందిలో చెప్పుట, ఈ ఒక్క నియమము పాటించినచో ఎన్నో ఇండ్లలో సగము కలహములు పుట్టవు.

బాలబాలికలారా, మీకు కూడ ఒక మాట. ప్రహ్లాదుడు తండ్రి మాటను అంగీకరింపలేదు. కాని తండ్రిని ఒక్క చెడుమాట అనలేదు. మర్యాదగా సంబోధించి, తాను నమ్మినది చెప్పెను. స్తంభమునుండి వెడలిన స్వామి హిరణ్యకశిపుని తన తొడలపై వేసికొని సంహరించిన పిదప, ఆ ఉగ్రరూపమును సమీపించుటకు బ్రహ్మాది దేవతలకు ధైర్యము లేకపోయినది. లక్ష్మీదేవియే వెనుకాడినది. అప్పుడు ఒక బిడ్డ మెల్లగా దగ్గరకు పోయి నమస్కరింపగా స్వామి వాని శిరస్సుపై చేయి ఉంచెను. వరము కోరుకొమ్మనగా ఆ బాలుడు తండ్రి తప్పును మన్నింపుమని వేడుకొనెను. తనను ఒడినుండి త్రోసిన తండ్రికొరకు! బిడ్డలు మనలను క్షమించుటకు ఎప్పుడును సిద్ధముగానే ఉందురు తల్లులారా. అడుగుటకు మనము సిద్ధముగా లేము.

సింహాద్రినాథుడు ఉగ్రమూర్తియే. అందువలననే సంవత్సరము పొడుగున చందనములో కొలువై, వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు మాత్రము నిజరూపదర్శనము ప్రసాదించును. ఆ రాత్రి మూడు మణుగులు, ఆ తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలకు మూడేసి మణుగులు, మొత్తము పన్నెండు మణుగుల చందనమును స్వామికి సమర్పించెదరు. ఆ చందనము పొడిచేసినది కాదు. రాతిపై చేతితో, నీటితో, ఓర్పుతో అరగదీసినది. చందనము స్వామిని అబద్ధము చేయుటలేదు. లోపల ఉన్నది నిజరూపమే. దానిని భక్తులు దర్శింపగలుగునట్లు చల్లబరచుచున్నది. మన మాటయు అట్లే ఉండవలెను. లోపల సత్యము, పైన చల్లదనము. నోటికి వచ్చిన మాటను వచ్చినట్లే విసరక, ఓర్పు అను రాతిపై కొంచెము అరగదీయుడు.

గీతను ఉపదేశించి ముగించుచు స్వామి అర్జునునితో, ఇదంతయు చక్కగా ఆలోచించి నీకు ఎట్లు తోచిన అట్లు చేయుమని అన్నాడు. జగద్గురువే శిష్యునికి ఆలోచించుటకు చోటిచ్చినాడు. ఆ చోటు మన బిడ్డలకు మనము ఈయలేమా?

ఈ రాత్రి ఇంటికి పోయి ఒక్క పని చేయుడు. బిడ్డను దగ్గరకు పిలిచి, "ఈ రోజు నీకు కష్టమనిపించింది ఏమిటి నాన్నా?" అని అడుగుడు. వాడు చెప్పుచున్నంతసేపు నడుమ ఒక్క మాటయు అనవద్దు. సమాధానము మీకు నచ్చకపోవచ్చును. నచ్చకపోయినను ఒడి తీయవద్దు.

ఆ వరాహ నరసింహస్వామి మన నాలుకలకు చందనపు చల్లదనమును, మన చెవులకు ఓర్పును అనుగ్రహించుగాక!

స్వస్తి.